ఆది జాకెట్టు

నాలుగో మిషనుకి నూనె వేస్తూ వీరలక్ష్మి మరోసారి తలుపువైపు చూసింది. పదీ ఇరవై అయింది. పన్నెండుమందిలో పదకొండుమంది వచ్చేసి ఎవరి చాపల మీద వాళ్ళు కూర్చున్నారు. రానిది చిన్నమ్మలు ఒక్కతే.

"మొదలెట్టేద్దామాండి?" అంది ఏంజెల్. పెళ్ళయి ఏడాది కాలేదు ఆ పిల్లకి. చేతిలో కత్తెర ఉంటే ఆగలేదు.

"ఇంకో ఐదు నిమిషాలు చూద్దామమ్మా. వచ్చేస్తారు."

"ఆయ్, అలాగేనండి," అని ఏంజెల్ కత్తెర కింద పెట్టి, వెంటనే మళ్ళీ తీసుకుంది.

కొత్తపేటకి రెండు మైళ్ళ దూరంలో, కాలవగట్టు మీద ఉంది ఆ కమ్యూనిటీ హాలు. పెళ్ళిళ్ళ కోసం కట్టారు గానీ, పెళ్ళిళ్ళన్నీ ఏసీ హాళ్ళకి తరలిపోయాక అది పెద్దవాళ్ళ బడిగా మారింది. సోమ, మంగళ, బుధవారాలు కుట్టుపని. గురువారం కొబ్బరిపీచుతో బొమ్మలు. శుక్రవారం పుట్టగొడుగుల పెంపకం. దీనికి మొదటివారం నలభైమంది వస్తే రెండోవారం నలుగురు మిగిలారు, ఆ నలుగురూ పుట్టగొడుగులు తినరు. శనివారం ఫోను క్లాసుకి మాత్రం కూర్చోడానికి చోటుండదు. మస్కట్లో పనికెళ్ళిన కోడళ్ళకి వీడియో ఫోను చెయ్యడం అక్కడ నేర్పుతారు మరి.

వీరలక్ష్మికి యాభై ఎనిమిదేళ్ళు. ఎముకలగూడు లాంటి మనిషి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే నల్లదారం కట్టుకుంది. ఎడమ బొటనవేలి గోరు మధ్యలో, ఎప్పుడో సూది దిగిన చోట, చిన్న మచ్చ. భర్త కొబ్బరిచెట్లెక్కి కాయల దింపులు తీసేవాడు. ఓ వానరోజు చెట్టుమీంచి జారిపడి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగానే పోయాడు. నెల తిరిగాక ఆవిడ ఇలాంటి క్లాసుకే వెళ్ళి, ఇలాంటి చాపమీదే కూర్చుంది. అదంతా ముప్పయ్యేళ్ళ కిందటి మాట. అప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఆడవాళ్ళకి జాకెట్లు కుడుతూనే ఉంది, పద్నాలుగేళ్ళుగా నేర్పుతూనూ ఉంది. దారిలో ఎవరైనా ఎదురైతే ఆవిడ మొహం కంటే ముందు భుజం చూస్తుంది. భుజాన్నిబట్టి మనిషిని పోల్చుకుంటుంది.

ఒంటిమీద టేపు పెట్టి కొలవడమంటే మాత్రం ఆవిడకి మొదట్నుంచీ మొహమాటమే. సరిగ్గా సరిపోయిన పాత జాకెట్టు ఒకటి తెచ్చిస్తే, దాన్ని పరిచి, ఆ కొలతల్తోనే కొత్తది కోసేది. దాన్నే ఆది అంటారు. కొత్త బ్యాచీ వచ్చిన మొదటిరోజు ఆవిడ చెప్పే పాఠాలు రెండు. కొత్త జాకెట్టు ఇచ్చేటప్పుడు దాని మడతలో ఆది పెట్టి తిరిగి ఇచ్చెయ్యాలి, ఒకరి ఆది మన దగ్గర ఉంచుకోకూడదు. ఇది మొదటిది. ఇక రెండోది, గుడ్డని మడత పెట్టి కొయ్యాలి. ఒక్క కోతకి రెండువైపులూ వస్తాయి. "మనిషికి రెండువైపులా ఒకటేనమ్మా," అనేది. ఎన్ని వందలసార్లు అందో ఆ మాట.

చిన్నమ్మలు రెండు నెలల కిందట చేరింది. నలభై ఏడేళ్ళుంటాయి. ఎప్పుడూ నైటీ, దానిమీద అడ్డంగా తువ్వాలు. ఎందుకు నేర్చుకుంటున్నారని మొదటిరోజు అడిగితే, "ఒక్క జాకెట్టు కుట్టుకోడం వస్తే చాలండి నాకు," అంది. అందరూ నవ్వారు. కూతురు దుర్గాభవానికి పెళ్ళి కుదిరితే మురమళ్ళ వీరేశ్వరస్వామికి కళ్యాణం చేయిస్తానని మొక్కుకుందట. పెళ్ళయి ఏడాది దాటింది. మొక్కు తీరలేదు. ఈ గురువారానికి కళ్యాణం రాయించుకున్నారు. ఆ పూట కొత్తచీరలో, కొత్తజాకెట్టులో పదిమందిలో కూర్చోవాలి. అదీ ఆవిడ కోరిక.

ఆది తెచ్చింది. ఆకుపచ్చ జాకెట్టు, ఉతికి ఉతికి మెత్తబడినది. వీరలక్ష్మి దాన్ని పరిచి, చిన్నమ్మలు తెచ్చిన వంగపండు రంగు గుడ్డని అందరికీ చూపిస్తూ మడత పెట్టింది. చిన్నమ్మలు ఏదో చెప్పబోయింది. పదకొండుమందీ తనవైపే చూస్తుంటే నోరు మూసుకుంది. కత్తెర నడిచిపోయింది, పనయ్యాక ఆదిని గోడమీద మేకుకి తగిలించారు. ఆ జాకెట్టుని చిన్నమ్మలు నాలుగు క్లాసులు కూర్చుని కుట్టింది. తొడుక్కుని చూసుకుంటానని వెనకగదిలోకి వెళ్ళి, ఎంతకీ బయటికి రాలేదు.

వీరలక్ష్మి లోపలికి వెళ్ళి చూసింది. జాకెట్టు కుడివైపు సరిగ్గా అమిరింది. ఎడమవైపు గుడ్డ ఖాళీగా ముడతలుపడి ఉంది.

"గడ్డొచ్చిందని కాకినాడలో తీసేసేరండి, కిందటేడాది," అంది చిన్నమ్మలు, గోడవైపు తిరిగి. "ఆ ఆది అంతకు ముందుదండి. టైలరు దగ్గరికెళ్ళాలంటే సిగ్గండి. అందుకే ఇక్కడ చేరేను. మీరు మడతెడుతుంటే చెబ్దామనుకున్నానండి. అందరూ ఉన్నారు కదండి."

వీరలక్ష్మికి తలెత్తడానికి మొహం చెల్లలేదు. భుజం చూసి ఊరందర్నీ పోల్చుకునే తను, ఎదురుగా చాపమీద కూర్చున్న మనిషిని చూడనే లేదు. తలుపు గడియవేసి, మెళ్ళో ఉన్న టేపు తీసింది. కుడివైపు కొలిచి ఒక కాగితం కోసింది. ఎడమవైపు కొలిచి ఇంకో కాగితం కోసింది. రెండింటికీ పోలిక లేదు. కొలవడం అయ్యాక చిన్నమ్మలు, "మీ చేతులు చల్లగా ఉంటాయండి," అంది.

అదే రంగు గుడ్డ అమలాపురంలో వెతికి తెచ్చేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఈసారి మడత లేకుండా, విడివిడిగా రెండుసార్లు కోశారు. ఎడమవైపు లోపల మెత్తటి నూలుగుడ్డ పొరలు పొరలుగా వేశారు. కిందటి బుధవారానికి హుక్కులు మాత్రం మిగిలాయి. ఐదింట్లో రెండు కుట్టేసరికి చిన్నమ్మలుకి ఆయాసం వచ్చింది. "మిగతా మూడూ సోమవారం కుట్టుకుంటానండి. మీరు ముట్టుకోకండి," అని మరీ చెప్పి వెళ్ళింది.

నిన్న సోమవారం రాలేదు. నీరసంగా ఉండుంటుంది, సాయంత్రం ఓసారి చూసి రావాలి అనుకుంది వీరలక్ష్మి. సాయంత్రం అయ్యేసరికి ఎవరిదో శ్రీమంతం జాకెట్టు తొందర. వెళ్ళలేదు.

ఇవాళ జాకెట్టుకి చేతులు ఎక్కించడం పాఠం. ఏంజెల్ కుడిచెయ్యి ఎడమకి ఎక్కించి, విప్పి, మళ్ళీ అలాగే ఎక్కించింది. "ఆ చెయ్యంటే నీకు అంత ఇష్టమైతే అక్కడే ఉంచెయ్యి తల్లీ," అంది వీరలక్ష్మి. అందరూ నవ్వారు. భోజనాల వేళ తను కారియరు విప్పి, రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది. బీరువాలోంచి వంగపండు రంగు జాకెట్టు తీసి, సూదికి దారం ఎక్కించింది. మూడు హుక్కులెంత, పావుగంట పని. కానీ ముట్టుకోవద్దంది కదా. సూది మళ్ళీ సూదుల దిండుకి గుచ్చేసింది. రేపు బుధవారం ఉంది, రేపొచ్చి కుట్టుకుంటుంది.

ఒంటిగంట దాటాక దుర్గాభవాని వచ్చింది. చెప్పుల్లేవు. జుట్టు ముడి వీడిపోయి ఉంది. గడప దగ్గరే నిలబడింది.

"టీచరుగారండి, అమ్మ జాకెట్టు అయిపోయిందాండి?"

"మూడు హుక్కులున్నాయమ్మా. అమ్మ వస్తున్నారా?"

"లేదండి. పొద్దున్న పదింటికి పోయిందండి." ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "మండపేట మిల్లునించి నాన్నొచ్చేరు. స్నానం చేయించబోతున్నారండి. గురువారందాకా ఆగలేనేమో, అదే తొడగండని రాత్రి చెప్పిందండి."

ఒక్కొక్క మిషనూ ఆగింది. పదింటికి. తను తలుపువైపు చూస్తూ, వచ్చేస్తారని చెప్పేసరికే చిన్నమ్మలు లేదు.

వీరలక్ష్మి దుర్గాభవానిని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, జాకెట్టు ఒళ్ళో పెట్టుకుంది. చిన్నమ్మలు కుట్టిన రెండు హుక్కులూ కొంచెం వంకరగా ఉన్నాయి. ఇంకెవరివైనా అయితే విప్పించేది. వాటిని కదపలేదు. తను కుట్టే మూడూ ఆ వంకలోనే కుట్టింది. కళ్ళజోడు మసకబారిపోతుంటే ఏంజెల్ వచ్చి, అడక్కుండానే అద్దాలు తుడిచి పెట్టింది.

"నేను మడత పెట్టకపోయుంటే ఎప్పుడో అయిపోయేదమ్మా ఇది. పన్నెండు రోజులు నేనే పోగొట్టేను. తొడుక్కుని తిరిగేది మీ అమ్మ," అంది వీరలక్ష్మి, దారం కొరుకుతూ.

"అమ్మ అలా అనలేదండి. టీచరుగారు తలుపేసి కొలిచేరే అని చెప్పేది. ఆ ఒక్క మాటే, వచ్చినవాళ్ళందరికీ చెప్పేదండి."

వీరలక్ష్మి జాకెట్టుని మడవబోయి ఆగింది. మడవకుండానే రెండు చేతులమీదా పరిచి ఇచ్చింది. దుర్గాభవాని దాన్ని అలాగే పట్టుకుని కాలవగట్టు వెంట పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

ఆ తర్వాత క్లాసు సాగలేదు. అందరూ చిన్నమ్మలు ఇంటికి బయల్దేరారు. వీరలక్ష్మి మిషన్లకి గుడ్డలు కప్పి, ముక్కలు ఊడ్చి, కత్తెరలు లెక్కచూసి బీరువాలో పెట్టింది. లైటు తీసెయ్యబోతుంటే, గోడమీద మేకు కంటపడింది. ఆది ఇవ్వడం మర్చిపోయింది. ముప్పయ్యేళ్ళలో మొదటిసారి.

మేకుమీంచి తీసి, సంచిలో పెట్టుకుని గుమ్మందాకా వెళ్ళింది. ఏ కొత్తజాకెట్టు మడతలో పెట్టి ఇస్తుంది దీన్ని? వెనక్కొచ్చి ఉన్నచోటే తగిలించింది.

తాళం వేసి, కిటికీలోంచి ఒకసారి చూసింది. మేకుకి ఆ ఆకుపచ్చ ఆది జాకెట్టు, ఐదు హుక్కులూ పెట్టి ఉంది, రెండువైపులా ఒక్కలాగే.