నాలుగో మోహన

పొద్దున పాప నోట్లో నాలుగు ముద్దలు కుక్కి, పక్కింటి గంగులమ్మక్క దగ్గర దించి, పరుగున మామిడి మండీ ఆఫీసుకొచ్చి కంప్యూటర్ తెరిస్తే తెర మీద నావేవీ లేవు. నిన్న కొట్టిన లారీ బిల్లులు, దాచుకున్న ఫైళ్లు, అన్నీ పోయాయి. ఈ సీజన్లో ఇది మూడోసారి.

‘ఏమ్మే మోహనా, మళ్లీ సంపేసినావా?’ అని మేనేజర్ గిరిప్రసాద్ సారు అందరికీ వినపడేట్టు నవ్వాడు.

చెడిపోయిన ప్రతిసారీ రిపేరు చేసే ధనంజయ వచ్చి కంప్యూటర్లో నా పేరుతోనే ఇంకొక ఖాతా పెట్టిపోతాడు. మోహన, మోహన రెండు, మోహన మూడు. పోయినవన్నీ నేను మళ్లీ కొట్టాలి, జీతం లేకుండా. చీకటిపడ్డాక ఇంటికి పోతే పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయి ఉంటుంది. ‘నీ చేతిలో ఏది బాగుపడింది? మిక్సీని సూడు, పిల్లని సూడు,’ అంటాడు మా ఆయన ఢిల్లీబాబు, కంచం ముందు కూర్చుని. ‘ఇంటర్ సగంలో ఆపినదానికి కంప్యూటర్ ఉద్యోగమేంది?’ అంటుంది అత్త. ఆపింది నేనా? పెళ్లిచూపులకొచ్చి, ఇంక పరీక్షలెందుకన్నది ఆవిడే. అయినా వినీ వినీ, నా వేళ్లలోనే ఏదో తప్పుందని నమ్మేశాను. ఇంకోసారి ఇట్లా అయితే మానిపిస్తానని యజమాని మునిరామయ్య ముందే చెప్పాడు.

ఈసారి ధనంజయ వెంటనే కంప్యూటర్ ముట్టుకోలేదు. ‘రాత్రి దీన్ని ఎవురు ఆపతారు?’ అని అడిగాడు.

ఎవరూ ఆపరు. నేను ముందే ఇంటికి పోతాను. ఆపొద్దు, అట్లే వదిలిపెట్టి పో అంటాడు సారు; తర్వాత నా దాంట్లోనే ఆయన పని చేసుకుంటాడు. మండీ మూసేటప్పుడు మునిరామయ్య దేవుడి పటాలకూ కాటాకూ హారతిచ్చి, కళ్లకద్దుకుని, అదే చేత్తో మెయిన్ స్విచ్చి దించేస్తాడు. వాళ్ల నాయన కాలం నుంచీ అదే పద్ధతి.

‘తెరిసుండగానే కరెంటు పీకితే, ఎవురి పేరుతో తెరిసుంటే వాళ్లది చెడతాది,’ అన్నాడు ధనంజయ. ‘సారూ, మీకు వేరే పేరు పెట్టిచ్చినా గదా? దాంట్లో చేసుకోండి.’

‘నా దాంట్లో మండీ లెక్కలన్నీ ఉండాయప్పా. అది చెడిపోతే? ఇట్లయితాదని ఉగాదికాడ నువ్వే గదా చెప్పినావు!’

ఉగాది నుంచీ తెలుసు. తెలిసే నన్ను వదిలిపెట్టి పొమ్మన్నాడు, తెలిసే నలుగురిలో నవ్వాడు. తనది చెడకూడదు కాబట్టి నాది చెడాలి. ఇంట్లో మాత్రం? మొగుడి నిద్ర చెడకూడదని జ్వరం పిల్లను భుజానేసుకుని వసారాలో తిరిగేది నేను. పొద్దున్నే ‘మొహమట్ల పెట్టుకుంటావేంది’ అని మాట పడేదీ నేనే.

ధనంజయ నాలుగో మోహనను పెట్టాడు. పాస్‌వర్డ్ నేనే, ఎవరికీ కనపడకుండా కొట్టాను. సాయంత్రం పని ముగించి, కంప్యూటర్ ఆపి, తెర నల్లబడేదాకా కదల్లేదు.

‘ఎందుకాపినావు? పాస్‌వర్డ్ చెప్పిపో,’ అన్నాడు సారు.

పాప పాలడబ్బా గుర్తొచ్చింది. మానిపిస్తే మానిపించనీ.

‘చెప్పను సార్. మీ పేరుతో తెరుసుకోండి.’

‘నాది చెడిపోతే?’

‘రేపు కూసోని, అన్నీ మళ్లీ మీరే కొట్టుకోండి.’