నాలా ఒడ్డు లెక్క

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మూలంగా నెలల తరబడి మూతబడ్డ నారాయణగూడ కాలేజీ మళ్లీ తెరుచుకున్నాక, హైమవతి క్లాసులో ముందు బెంచీలు ఖాళీగానే ఉండేవి. ఆమెది తెనాలి. స్టాటిస్టిక్స్ చెప్పడానికి వచ్చి చిక్కడపల్లిలో అద్దెకుంటోంది. "ఆంధ్రా మేడం" అని వినపడేట్టే అనేవాళ్లు కుర్రాళ్లు. బాలప్ప ఒక్కడే ముందుకొచ్చి కూర్చునేవాడు. పాలమూరు నుంచి వలసొచ్చిన కుటుంబం అతనిది. తల్లిదండ్రులు మట్టిపనికి పోతారు. అశోక్‌నగర్ వెనక, మురుగునీటి నాలా ఒడ్డున గుడిసె. ఆ బస్తీలో కాలేజీ మొహం చూసింది అతనొక్కడే.

ఆ ఏడు వానలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఇంటింటికీ వెళ్లి ఎవరు జబ్బుపడ్డారో అడిగి రమ్మని హైమవతి విద్యార్థుల్ని అశోక్‌నగర్ మేడలకూ, నాలా ఒడ్డు గుడిసెలకూ పంపింది. బస్తీలో మొదట ఎవరూ నోరు విప్పలేదు. బాలప్ప తల్లి తిమ్మమ్మే గుడిసె గుడిసెకూ తిరిగింది. "మా పిలగాని సదువుకే. చెప్పుండ్రి, ఏం కాదు" అని అందరిచేతా చెప్పించింది.

బాలప్ప లెక్క కట్టి తెచ్చాడు. "అన్నిండ్లు కలిపి సగటు తీసిన మేడం. మరీ ఎక్కువేం లేదు."

"సగటు దుప్పటిలాంటిది, బాలప్పా. కింద ఎవరు మూలుగుతున్నారో కనపడనివ్వదు. విడదీసి చూడు."

విడదీస్తే, బస్తీలో మూడిళ్లకొకటి జబ్బు పడింది. మేడల్లో నూటికి ఒకటో రెండో. "బస్తీలోనే పడనివాళ్లున్నారుగా, వాళ్లెందుకు పడలేదు?" అని మళ్లీ పంపింది.

ఈసారి అతని కళ్లు మెరుస్తున్నాయి. రోడ్డు వార గుడిసెలవాళ్లు సర్కారు నల్లా తిప్పి పట్టుకున్న నీళ్లు తాగుతారు. అదే బురదలో ఉంటారు, అదే కూలికి పోతారు, అయినా వాళ్లలో జబ్బు మేడల్లో ఉన్నంతే. లోపలివాళ్లంతా తాగేది నాలా పక్కన తవ్విన చెలమ నీళ్లు.

"రోగం మనుషుల్ల లేదు మేడం, నీళ్లల్ల ఉంది. లోపటికి ఇంకో నల్లా ఏస్తే అయిపాయె."

హైమవతికి ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్ల పాఠాల్లో ఇంత శుభ్రంగా తేలిన ఫలితం చూడలేదామె. కాలేజీలో సభ పెట్టించింది. పురపాలక అధికారి రామచంద్రరావు, అశోక్‌నగర్ పెద్దలు, పత్రికలవాళ్లు వస్తామన్నారు.

బాలప్ప రాసుకొచ్చిన ప్రసంగం నల్లా దగ్గర మొదలైంది. హైమవతి కొట్టేసింది.

"ఇలా చెబితే ఎవరూ వినరు. మొదటి మాటే చెంపమీద కొట్టినట్టుండాలి. 'బస్తీలో మూడిళ్లకో ఇల్లు జబ్బు పడింది.' అక్కణ్నుంచి మొదలెట్టు. కారణం తర్వాత."

"ముందుగాల నల్లా అంటేనే మంచిగుంటది కద, మేడం?"

"నా మాట విను."

విన్నాడు. సభలో ఎక్కడా తడబడలేదు. మొదటి మాటకే హాలంతా గప్‌చుప్ అయింది. రామచంద్రరావు కలం తీసి రాసుకున్నాడు. రాసుకుని, గడియారం చూసుకుని, నల్లా సంగతి రాకముందే లేచి వెళ్లాడు. అది వచ్చేవేళకి పెద్దలు టీ వైపు కదులుతున్నారు. మర్నాడు పేపర్లో "నాలా ఒడ్డు బస్తీ రోగాల పుట్ట" అని పడింది. కింద హైమవతి పేరు కూడా వేశారు.

నెల తిరక్కుండా లారీలొచ్చాయి. రోడ్డు వారవాటితో సహా గుడిసెలన్నీ పీకేశారు. హైమవతి పురపాలక ఆఫీసుకు పరిగెత్తింది.

"మీరు తప్పుగా అర్థం చేసుకున్నారండీ. ఆ లెక్క చెప్పింది కుళాయి వెయ్యమని!"

రామచంద్రరావు నొచ్చుకున్నాడు. "అదేంటమ్మా, చెప్పింది మీ విద్యార్థే కదా? అంత స్పష్టంగా మా ఇంజినీర్లు కూడా ఎప్పుడూ చెప్పలేదు. అశోక్‌నగర్ వాళ్లు మీకు సన్మానం చేస్తామంటున్నారు."

బస్తీవాళ్లని అడిక్‌మెట్ అవతల ఖాళీ జాగాలో దింపారని తెలిసి అక్కడికి వెళ్లింది. బాలప్ప తండ్రితో కలిసి తడకలు కడుతున్నాడు. తిమ్మమ్మ దూరంగా ఒక్కతే కూర్చుంది. అందరిచేతా చెప్పించింది ఆమేనని ఆడవాళ్లెవరూ ఆమెతో మాట్లాడటం లేదు.

"పరీక్షలు దగ్గరికొచ్చాయి, బాలప్పా. నీ లెక్క తప్పు కాదు."

"ఎరుకే మేడం. లెక్క సరిగనే ఉంది." తాడు ముడి బిగించాడు. "క్లాసుల మిమ్మల్ని ఎవడన్నా ఏమన్నా అంటే కొట్లాడిన నేను. గిప్పుడు ఆ పోరగాండ్లకు ఏమని చెప్పాలె?"

ఇక్కడ నీళ్లెక్కడివని అడగబోయి, వంగి తడక రెండో కొస పట్టుకుంది.

బాలప్ప పరీక్షలకు రాలేదు. మరుసటి ఏడు హైమవతి విద్యార్థుల్ని ఏ గుమ్మానికీ పంపలేదు. పుస్తకం వెనక అచ్చేసిన గోధుమ దిగుబడులకు సగటు కట్టించింది. ఆ ఏడు ఆమె క్లాసులో అందరూ పాసయ్యారు.