కాగితంలో లేని పని

మూడోరోజు పొద్దున వాకిలి ఊడ్చి దొడ్లోకి వచ్చేసరికి నా కూతురు మేఘన వంగి కూర్చుని అంట్ల బోకులు తోముతోంది. చీపురు పడేసి పరిగెత్తాను.

“వంగితే తల తిరుగుతాందిమా,” అంది. దాని పెదవులు పాలిపోయాయి.

మొన్న బడిలో ఖోఖో ఆడుతూ కంబానికి తల కొట్టుకుంది. కాసేపు తానెక్కడుందో కూడా చెప్పలేకపోయింది. సండూరులో డాక్టరమ్మ చూసి, మెదడు అదిరిందనీ విశ్రాంతే మందనీ చెప్పి, కన్నడలో కాగితం రాసిచ్చింది. కొన్నాళ్ళు బడి వద్దు, ఆటలు వద్దు, టీవీ, ఫోను వద్దు. వాంతులైనా, లేపితే సరిగా లేవకపోయినా వెంటనే తీసుకురమ్మంది.

“బడికి పోవద్దన్న్యాది, సరే. బోకులు తోమొద్దని యాడ రాసిందే?” మా అత్త హనుమక్క మంచం మీదనుంచే అడిగింది. “నేను జొరంతోనే జొన్నచేన్లో కలుపు తీసినా.”

తీసే ఉంటుంది. ఎవరూ ఆపి ఉండరు. పోయినేడు మా ఆయన హనుమేశ్ టిప్పరు దిగుతూ భుజం బెణికించుకుంటే మాత్రం ఇరవై రోజులు చెంబు కూడా ఎత్తనివ్వలేదు ఈ అత్తే. ఆ భుజానికి ఏ డాక్టరూ కాగితం రాయలేదు. పిల్ల పని చెయ్యకూడదని నిన్నా మొన్నా నేను చెబితే, “పెద్ద డాక్టరొచ్చిండాది ఇంటికి!” అని తల్లీ కొడుకూ నవ్వారు. మళ్ళీ చెప్పే ఓపిక లేదు నాకు. పిల్లను పడుకోబెట్టి, కిటికీకి పాత చీర కట్టి, బోకులు తోమేసి వచ్చి పెన్ను తీశాను. నేనూ మా ఊరి కన్నడ బడిలో చదివినదాన్నే. డాక్టరమ్మ అక్షరాల వాలు చూసుకుంటూ కింద రాశాను: ఊడ్వకూడదు. తోమకూడదు. బిందె ఎత్తకూడదు. అబద్ధం రాస్తున్నాననిపించలేదు. సండూరులోనే అడగాల్సిన మాటలవి. అడగాలని నాకే తోచలేదు. అప్పటికి అవి నాకు కూడా పనుల్లా కనబడలేదు.

సాయంత్రం హనుమేశ్ ఒంటినిండా గని ఎర్రదుమ్ముతో వచ్చాడు. కాగితం చేతికిచ్చాను. పైకి చదివాడు.

“డాక్టరమ్మే రాసినాక ఇంకేం చేస్తామప్పా,” అంది అత్త. ఈ ఇంట్లో నా మాట పదకొండేళ్ళలో ఒక్కసారీ అంత తేలిగ్గా చెల్లలేదు.

అతను కాగితం వెనక్కి తిప్పి చూశాడు. “ఎన్ని దినాలో రాయలేదే?”

డాక్టరమ్మ పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను.

“అది నేను చెప్తా,” అన్నాను.