మా బెంచీ అమ్మాయి

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో దేవుడు టీవీలో వచ్చేవాడు. ఆ ఇంటాయన టీవీల దుకాణంలో పనిచేస్తాడు కాబట్టి, హాలు గోడని సగం మింగేసేంత టీవీ తగ్గింపు ధరకి తెచ్చి పెట్టాడు. అది వచ్చిన వారం నుంచి చర్చికి వెళ్ళడం ఆగిపోయింది. "దేవుడు మనింటికే వస్తుంటే మనం వెతుక్కుంటూ వీధిన పడటం దేనికి?" అన్నాడు. ఆయన భార్య వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. పెళ్ళయిన కొత్తలో అయితే ఏదో ఒకటి అనేది.

సోఫాకి రెండు సీట్లు. ఒకటి ఆయనది, రెండోది మోకాళ్ళ నొప్పుల అత్తగారిది. ఇక ఆమెకి మిగిలింది వంటింటి గుమ్మం. నిలబడి ప్రార్థిస్తే దేవుడికి ఇంకాస్త దగ్గరగా ఉంటావని ఆయన ఒకసారి జోకు కూడా వేశాడు. పాటలు అయ్యేసరికి పాలు పొంగేవి. ప్రసంగం మంచి పట్టులో ఉండగా ఆయన టీవీ మీంచి చూపు తిప్పకుండా కుడిచెయ్యి పక్కకి చాచేవాడు. ఆ చేతిలోకి టీ కప్పు రావాలి. పిలుపూ లేదు, పలుకూ లేదు. కప్పు అందగానే చెయ్యి వెనక్కి వెళ్ళిపోయేది. ఆ టీవీ పాస్టరుగారికి తప్పిపోయిన గొర్రె కథ ప్రాణం. ఏడాదికి నాలుగుసార్లయినా చెప్పేవాడు. ప్రతిసారీ గొర్రె తప్పిపోయేదాకా ఆమె వినేది. కాపరి వెతకడానికి బయలుదేరగానే సరిగ్గా ఆ చెయ్యి లేచేది. గొర్రె దొరుకుతుందని ఆమెకి తెలీక కాదు, చిన్నప్పటినుంచీ విన్న కథే. కానీ దొరికేటప్పుడు తను అక్కడ ఉండాలని ఉండేది.

మిగతా రోజులు పళ్ళ డాక్టరు దగ్గర పని. అక్కడా అంతే. డాక్టరు రోగి నోట్లోంచి తల ఎత్తకుండా చెయ్యి చాచితే దూదో, అద్దమో అందులో పడాలి. ఆమె ఒక్కోసారి తన జీవితం గురించి ఆలోచిస్తే మొహాలు గుర్తొచ్చేవి కావు, చాచిన చేతులే గుర్తొచ్చేవి. ఇదేదో పెద్ద కష్టమని ఎవరికీ చెప్పుకోలేదు. చెప్తే, "కప్పు టీ ఇవ్వడం కూడా ఒక బాధేనా?" అంటారని తెలుసు. నిజమే, కప్పు బరువేం కాదు.

ఒక ఆదివారం పాలు విరిగిపోయాయి. "త్వరగా తెచ్చెయ్, పాటలు మొదలయ్యాయి" అన్నాడాయన. వీధి చివర పాలకొట్టు, కొట్టు పక్కనే సైకిళ్ళ షాపు, దాని పై అంతస్తులో ఒక చిన్న చర్చి సంఘం. అక్కడినుంచి పాట వినపడుతోంది. ఒకరు ముందు, ఒకరు వెనక, శ్రుతి ఎటు పోయిందో ఎవరికీ పట్టినట్టు లేదు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, పాలప్యాకెట్టు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది, ఒక్క నిమిషం అనుకుంటూ. చివరి బెంచీలో ఒకావిడ "రా చెల్లీ" అని జరిగి చోటిచ్చింది. ఆవిడ బేకరీలో పనిచేస్తుందట, అందరూ బ్రెడ్డక్క అంటారట.

ప్రసంగం మంచి పట్టులోకి వచ్చింది. ఆమె లేచి నిలబడింది. తను లేచినట్టు తనకే తెలీదు, కాళ్ళకి అలవాటు. బ్రెడ్డక్క చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికి?"

"టీ పెట్టాలి..."

"ఎవరికి?"

ఆమె చుట్టూ చూసింది. ఎవరి చెయ్యీ చాచి లేదు. "కూర్చో తల్లీ. ప్రసంగం అయ్యేదాకా ఇక్కడ ఎవరూ ఎవరికీ టీలు ఇవ్వరు" అంది బ్రెడ్డక్క. ఆమె కూర్చుంది. ఎన్నేళ్ళ తర్వాతో ఒక ప్రసంగం చివరిమాట దాకా విని, ఆ చివరిమాటకి ఎందుకో కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వచ్చేసరికి, "పాలకోసం వెళ్ళావా, గేదెని పెంచడానికి వెళ్ళావా?" అన్నాడాయన.

తర్వాతి ఆదివారం టీ ఫ్లాస్కులో పోసిపెట్టి వెళ్ళింది. ఆ తర్వాతా వెళ్ళింది. అదేమీ స్వర్గం కాదు. ఫ్యాను కింద చోటు కోసం వారం వారం చిన్న యుద్ధమే. బ్రెడ్డక్క పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడి వచ్చేదేమో, ప్రార్థనలో గురక పెట్టేది. రిటైరైన బస్సు డ్రైవరు తాత ప్రతి పాటనీ బ్రేకు వేసినట్టు ఆపేవాడు. అయినా అక్కడ కూర్చుంటే ఆమెకి తన ఒళ్ళు తనదిగా అనిపించేది.

"మైకు కూడా లేని చోట నీకేం వినపడుతుంది?" అని ఆయన వేళాకోళం చేసేవాడు.

"అన్నీ వినపడుతున్నాయండీ, చివరిదాకా" అనేది ఆమె.

ఒక ఆదివారం ఆయన తన దుకాణం మేనేజరుని భోజనానికి పిలిచాడు. "ఈ ఒక్కవారం మానేస్తే కొంపలు మునగవు. నువ్వు రాలేదని అక్కడ ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. ఆ రెండోమాట ఆమెకి గుచ్చుకుంది, నిజమేమోనని. పొయ్యి ముందు నిలబడి, ఇప్పుడు పాటలవుతుంటాయి, ఇప్పుడు ప్రార్థన, అనుకుంటూ కూరగాయలు తరిగింది. తన చోట ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు, ఫ్యాను కిందే కదా.

మేనేజరు చెయ్యి కడుక్కుంటుండగా బెల్లు మోగింది. ఆయన తలుపు తీశాడు. గుమ్మంలో బ్రెడ్డక్క, డ్రైవరు తాత, ఇంకో ఇద్దరు, అంతా ఎండకి ఎర్రబడిన మొహాలతో.

"ఎవరు కావాలి?" అన్నాడాయన.

"మా బెంచీ అమ్మాయి రాలేదండీ. ఒంట్లో బాగుందో లేదో చూసిపోదామని" అంది బ్రెడ్డక్క.

వంటింట్లో ఆ మాట విన్న ఆమె గరిటె పట్టుకునే ఉండిపోయింది. ఎవరింటి కోడలో, ఎవరి భార్యో, ఏ డాక్టరు అసిస్టెంటో కాకుండా, ఒక బెంచీ మనిషి. సంతోషానికి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఈలోగా తాత చొక్కా చేతులు మడిచి సింకు దగ్గరికి వచ్చేశాడు. పెద్దాయన గిన్నెలు తోముతుంటే కూర్చోలేక మేనేజరు లేచి తుడవడం మొదలుపెట్టాడు. మేనేజరు తుడుస్తుంటే ఆయన ఏం చేస్తాడు పాపం, గిన్నెలు సర్దాడు. ఏ గిన్నె ఎక్కడుండాలో ఒక్కటీ తెలీదు. బ్రెడ్డక్క అత్తగారి పక్కన చతికిలబడి మోకాళ్ళ సంగతి అడిగింది, అడిగి ఊరుకోకుండా నొక్కింది కూడా.

వాళ్ళు వెళ్ళాక అత్తగారు టీవీ వైపు వేలు చూపించింది. "ఒరేయ్, ఇన్నేళ్ళలో ఆ టీవీ అయ్య నా మోకాళ్ళెలా ఉన్నాయని ఒక్కసారైనా అడిగాడా?" అంది.

ఆ రాత్రి ఆమె సంఘంలో సభ్యురాలిగా చేరతానని చెప్పింది. "వెళ్ళొస్తున్నావుగా, మళ్ళీ చేరడమెందుకు?" అన్నాడాయన.

"రాకపోతే అడిగే హక్కు వాళ్ళకివ్వాలని ఉంది. వాళ్ళు రాకపోతే అడిగే హక్కు నాకూ కావాలి."

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. చేరేవాళ్ళని అడగాల్సినవి అడిగాక, పాస్టరుగారు చివరి ప్రశ్న మిగతా అందరినీ అడుగుతారు. "ఈమె ఒక ఆదివారం రాకపోతే వెతుక్కుంటూ వెళ్ళేది ఎవరు?" వెళ్తామనేవాళ్ళు లేచి నిలబడాలి. ఎవరూ లేవకపోతే? వారమంతా ఆమెకి అదే గుబులు. ఆ రోజు అత్తగారు పట్టుబట్టి మెట్లెక్కింది. తల్లిని ఎక్కించడానికి వచ్చిన ఆయన, దిగబెట్టి పోతానంటూనే వెనక కుర్చీలో కూర్చుండిపోయాడు.

పాస్టరుగారు అడిగారు. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. అప్పుడు మోకాళ్ళు పటపటలాడిన చప్పుడు. అత్తగారు, ముందు బెంచీ పట్టుకుని, ఆయాసపడుతూ, అందరికంటే ముందు లేచింది. "నేను చేరలేదనుకోండి. అయినా దీన్ని నేను వెతకొద్దా? ఇంట్లో ఉండగానే వెతకాల్సింది" అంది. ఆ తర్వాత బెంచీలన్నీ ఒక్కసారే కిర్రుమన్నాయి.

ప్రసంగం మొదలైంది. గొర్రె కథే. ఆమె మధ్యలో ఒకసారి వెనక్కి చూసింది. ఆయన పాస్టరుగారి మీంచి చూపు తిప్పకుండా, కుడిచెయ్యి పక్కకి చాచి ఉన్నాడు. పక్కనున్న డ్రైవరు తాత ఆ చేతిని చూసి, పాపం కొత్తగా వచ్చాడు కదా అని, రెండు చేతులా పట్టుకుని ఊపి, "వందనాలు బాబూ" అన్నాడు. ఆయన ఉలిక్కిపడ్డాడు. తన చేతిని తనే మొదటిసారి చూసినట్టు చూసుకున్నాడు. తర్వాత తలెత్తి ఆమె కోసం వెతికాడు. ఇంత చిన్న గదిలో కూడా ఆమె ఎక్కడుందో కనుక్కోవడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది.

చూపులు కలిశాయి. ఆమెకి నవ్వొచ్చింది. కాళ్ళు మాత్రం కదల్లేదు. ముందుకి తిరిగి, ఫ్యాను గాలికి చెదిరిన జుట్టు సర్దుకుని కూర్చుంది. కాపరి అప్పుడే బయలుదేరాడు.