నాలుగో బండ

యాకోబు డస్టరును రెండోసారి నీళ్లలో ముంచి పిండాడు. తెల్లటి నీళ్లు పోయి మామూలు నీళ్లు వచ్చేదాకా పిండుతూనే ఉన్నాడు. బజారులో దొరికే డస్టరు కాదది. పాత కంబళి ముక్కను నాలుగు మడతలు వేసి, భార్య జీవమ్మ గోతాలు కుట్టే సూదితో కుట్టి ఇచ్చినది. దాన్ని కిటికీ చువ్వకు ఆరేసి, పక్కనే రేకు మూత మీద చాక్‌పీసులు పరిచాడు. వాటిని నీళ్లలో ఒక్క ముంచు ముంచి ఎండబెడితే దుమ్ము తక్కువ రాలుతుంది, గీత తెగదు. ఈ సంగతి ఆయనకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. ప్రొఫెసర్లకే ఆయన చెప్పాడు.

అది 1984. గురువారం. విశ్వవిద్యాలయం వాళ్లు నంద్యాలలో పెట్టిన గణిత పరిశోధన కేంద్రంలో గురువారం అంటే సెమినారు. మధ్యాహ్నం రెండున్నరకు ఎవరో ఒకరు బోర్డు దగ్గర నిలబడి తాము కనిపెట్టింది చెప్పాలి. మిగతావాళ్లు వినాలి, తప్పుంటే పట్టుకోవాలి. కేంద్రం పెట్టి పదమూడేళ్లు. అన్నేళ్లుగా ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చి ఆ గది తలుపు తీస్తున్నది అటెండరు యాకోబే.

మొదట్లో గదికి బోర్డు లేదు. బోర్డు కావాలని పైకి కాగితాలు వెళ్లాయి, జవాబులు వచ్చాయి, బోర్డు మాత్రం రాలేదు. యాకోబు నాయన ఓబయ్య బేతంచెర్ల గనుల్లో బండలు చీల్చే మనిషి. యాకోబు ఒక లారీ డ్రైవరును బతిమాలి, నాయన చీల్చిన ఆరు బండలు తెచ్చి, తనే గోడకు వరసగా అతికించాడు. కాకిదొండ ఆకు పసరులో బొగ్గుపొడి కలిపి నెలకోసారి నలుపు పూస్తాడు. మద్రాసు నుంచి వచ్చినవాళ్లూ, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లూ ఆ బండల మీదే రాశారు. వేలిముద్ర తప్ప సంతకం ఎరగని ఓబయ్య చీల్చిన రాయి మీద. ఆ సంగతి వాళ్లెవరికీ తెలియదు. అడగాలని ఎవరికీ తోచలేదు. యాకోబుకు తెలుసు. నలుపు పూసిన ప్రతిసారీ ఆయన నడుము కొంచెం నిటారుగా అయ్యేది.

ఆ గదికి ఒక నియమం ఉంది. చెప్పడం అయిపోయి, టీలు తాగి, అందరూ తిరిగొచ్చి ఇంకోసారి చూసేదాకా బోర్డు తుడవకూడదు. చెప్పేదంతా ఆరు బండల్లోనే పట్టాలి. ఆ నియమానికి కారణం యాకోబే. డెబ్బై రెండులో ఒక పెద్దమనిషి మధ్యలో మంచినీళ్లకని బయటికి వెళితే, యాకోబు అయిపోయిందనుకుని ఆరు బండలూ శుభ్రంగా తుడిచేశాడు. ఆయన తిరిగొచ్చి నల్లటి గోడను చూసి తల పట్టుకున్నాడు. "నీకేం తెలుసురా?" అని అరిచాడు. అప్పటినుంచి యాకోబు వాకిలి పక్కన స్టూలు వేసుకుని ప్రతి సెమినారుకూ చివరిదాకా కూర్చున్నాడు. ఎప్పుడు అయిపోతుందో తెలియాలి కదా! గదిలో ముప్పై కుర్చీలు. పదికి మించి ఏనాడూ నిండలేదు. అయినా "యాకోబూ, ఇటొచ్చి కుర్చీలో కూర్చో" అన్నవాడు లేడు. లెక్కల్లో అంత తల ఉన్నవాళ్లకు ఖాళీ కుర్చీలు ఇరవై, స్టూలు మీద మనిషి ఒక్కడు అనే చిన్న లెక్క తట్టలేదు.

ఈ గురువారం మామూలు గురువారం కాదు. విశ్వవిద్యాలయం నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వస్తున్నాడు. ఇంత చిన్న ఊళ్లో పరిశోధన ఏం జరుగుతుంది, ఎత్తేసి పెద్ద ఊరికి మారుద్దామని పైవాళ్లు అనుకుంటున్నారు. ఆయన సెమినారు విని, ఉంచాలో ఎత్తేయాలో రాసుకుని పోతాడు. చెప్పబోయేది ఇక్కడ పరిశోధన చేస్తున్న లూదియా. ఆళ్లగడ్డలో యాకోబు ఇంటికి మూడిళ్ల అవతల, శనక్కాయ చేలల్లో కూలికి పోయే ఓబులమ్మ కూతురు. కేంద్రం ఇక్కడ లేకపోతే ఆ పిల్ల చదువు అంతటితో సరి. వేరే ఊళ్లో పెట్టి చదివించడం ఓబులమ్మ వల్ల అయ్యే పని కాదు. రెండేళ్లుగా లూదియా, యాకోబు ఒకే బస్సులో ఒకే సీటులో వస్తున్నారు.

పది గంటలకు లూదియా ఖాళీ గదిలో మొత్తం ఒకసారి చెప్పి చూసుకుంది. యాకోబు స్టూలు మీద కళ్లు మూసుకుని విన్నాడు.

"ఎట్లుంది పెదనాయనా?"

"మూడు బండలు బాగుండాయి. నాలుగో బండ కాడ బయపడతాండావు."

"నేనా? యాడ?"

యాకోబు లేచి వెళ్లి వేలు పెట్టి చూపించాడు. "ఈడ. 'క్లియర్లీ' అన్యావు సూడు, ఆడ సాకుపీసు తేలిపాయ."

లూదియా మొహం ముడుచుకుంది. "నీకేం తెలుసు పెదనాయనా? అది రుజువు అక్కర్లేని మెట్టు, సంజీవయ్య సార్ కూడా చూసినాడు."

సంజీవయ్య ఆ కేంద్రానికి హెడ్డు, లూదియాకు గైడు. యాకోబుకు గుర్తొచ్చింది. పన్నెండేళ్ల కిందటి మాట మళ్లీ అదే గదిలో, ఈసారి తన బిడ్డ లాంటి పిల్ల నోట. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఓబయ్యను బేతంచెర్ల రాతిదుమ్ము తినేసింది. యాకోబుది చాక్‌పీసు దుమ్ము. తెల్లగా ఉంటుంది, అంతే తేడా. బోర్డు దగ్గరికి పోవద్దని డాక్టరు చెప్పి ఆరు నెలలైంది. వచ్చే నెల రిటైరైతే ఎట్లాగూ పోను కదా అని జీవమ్మ నోరు మూయించాడు.

దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు. "లెక్క నాకు తెల్దు మ్మా. సాకుపీసు తెలుసు. పన్నెండేండ్లుగా ఇంటాండా. తెలిసినోడు రాస్తే టకటకమంటాది. తెలీకుంటే బండను తాకీ తాకనట్ట పోతాది. 'క్లియర్లీ' అన్న్యోల్లంతా ఆడ్నే తేలిపోతారు. ఆ ఢిల్లీ ఆయప్ప గూడా అంతే!"

లూదియా బోర్డు వైపు తిరిగి నాలుగో బండను మళ్లీ మొదటి నుంచి చదివింది. తర్వాత బండపరుపు మీదే కూర్చుని కాగితాలు ముందేసుకుంది. యాకోబు తడిగుడ్డతో బోర్డు తుడిచాడు. కంబళి డస్టరు ఇంకా ఆరుతోంది. పన్నెండుకు తన క్యారియరు విప్పి జొన్నరొట్టె, ఊరిబిండి పచ్చడి సగం ఆమె ముందు పెట్టాడు. ఆమె చూడకుండానే తిన్నది. ఒంటిగంటకు తల ఎత్తింది.

"తప్పు కాదు పెదనాయనా. ఆడ మెట్టే లేదు. ఉందనుకొని కాలు పెట్టినాం, నేనూ సారూ."

"ఇప్పుడుందా?"

"ఉంది. మూడు లైన్లు పడతాయి." ఆమె గొంతు తగ్గింది. "పొద్దున ఆ మాట అనకుండా ఉండాల్సింది పెదనాయనా."

"ఇడ్సిపెట్టు. నాలుగో బండ కింద జాగా గూడా ఇడ్సిపెట్టు. అడిగితేనే రాయి, అడిగినోడే సదువుతాడు."

రెండు గంటలకు క్యాంటీను మీరావలి గ్లాసులు దించుతూ యాకోబును పైకీ కిందికీ చూశాడు. "ఏందన్నా, ఇస్త్రీ సొక్కా! సెమినారు నీదా ఏంది?"

"నాదే. బండలు నావి, బిడ్డ నాది. నీ టీ మాత్రం నీదే, ఎవురూ అడగరు."

పెద్ద ప్రొఫెసరు రెండున్నరకు ముందే వచ్చి మొదటి వరసలో కూర్చున్నాడు. లూదియా మొదలుపెట్టింది. ఒకటో బండ, రెండో బండ, మూడో బండ. నాలుగో బండ సగంలో ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఆగమ్మా. ఇది ఎందుకు నిజం?"

సంజీవయ్య పెన్ను ఆగింది. ఎవరో కుర్చీ జరుపుకున్నారు. యాకోబు కళ్లు మూసుకున్నాడు. ఆ పిల్ల చదువు, ఆ గది, ఆ బండలు అన్నీ ఇప్పుడు ఒక్క చాక్‌పీసు ముక్క మీద ఉన్నాయి.

టక. టక. టకటకటక.

ఎక్కడా తేలలేదు. యాకోబు కళ్లు తెరిచేసరికి నాలుగో బండ కింద మూడు వరసలు, రాయిలో చెక్కినట్టు ఉన్నాయి. పెద్ద ప్రొఫెసరు వాటిని రెండుసార్లు చదివి తల ఊపాడు. మిగతా రెండు బండలకూ ఆయన చెయ్యి ఎత్తలేదు.

అయిపోయాక మాత్రం అడిగాడు. "నేను అడుగుతానని తెలిసినట్టే అక్కడ చోటు వదిలావు. సంజీవయ్యగారు చెప్పారా?"

"లేదు సార్, నేనూ పట్టుకోలేదు" అన్నాడు సంజీవయ్య. అబద్ధం ఆడని మనిషి.

"మా పెదనాయన చెప్పినాడు సార్" అంది లూదియా. "అదో, స్టూలు మీద ఉండాడే, ఆయన."

తలలన్నీ వాకిలి వైపు తిరిగాయి. పదమూడేళ్లలో మొదటిసారి. యాకోబు లేచి నిలబడ్డాడు.

"ఏం చూసి చెప్పారు?" అన్నాడు పెద్ద ప్రొఫెసరు.

"సూసి గాదు సార్. ఇని. సాకుపీసు సప్పుడు."

"అయితే నేను రాసేది కూడా విని చెబుతారా?"

"వచ్చే గురువారం వచ్చి రాయండి సార్, ఇంటా."

గదంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వస్తాను. గది ఎక్కడికీ పోదు, అదే రాసిపోతున్నా. మీరేంటి, ఇన్ని కుర్చీలుండగా స్టూలు మీద? ఇక్కడ కూర్చోండి." తను లేచిన కుర్చీ చూపించి, అందరితో పాటు టీకి బయటికి వెళ్లాడు.

యాకోబు ఆ కుర్చీ వీపు మీద చేతులు ఆనించి నిలబడ్డాడు. తర్వాత కూర్చున్నాడు. స్టూలు మీది నుంచి బోర్డు ఎప్పుడూ ఏటవాలుగానే కనిపించేది. ఇప్పుడు ఆరు బండలూ ఎదురుగా, ఒక్కసారిగా కనిపించాయి. నాలుగో బండ అంచున ఉలి జారిన గాటు ఒకటి ఉంది. ఓబయ్య చెయ్యి. దాని పక్కనే ఓబులమ్మ కూతురి రాత. దగ్గు రాబోయి, రాకుండానే ఆగిపోయింది. యాకోబు వెనక్కి ఆనుకున్నాడు.

లూదియా రెండు టీ గ్లాసులతో వచ్చింది. "పెదనాయనా, బేగా తాగు, సల్లారిపోతాది."

ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, ఏదో వింటున్నట్టు. ఆమె ఒక గ్లాసు కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. మళ్లీ పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి తగల్లేదు. తర్వాత వాకిలి దగ్గరికి వెళ్లి, సంజీవయ్య సారును కేక వేసింది.

కిటికీ చువ్వ మీద కంబళి డస్టరు పూర్తిగా ఆరిపోయి ఉంది, పొద్దున ఉతికింది ఉతికినట్టే, ఒక్క గీత తెలుపు కూడా అంటకుండా.