జోహరాబీ ఆపిన గడువు

సత్తెనపల్లిలో మిరపకాయల కాలం వచ్చిందంటే లాల్ అహ్మద్ స్టూడియోలో అందరూ తుమ్ముతూనే ఫొటో దిగేవారు. ముందు గది స్టూడియో, వెనక పెరడు. ఆ పెరట్లో లాల్ అహ్మద్ తల్లి జోహరాబీ పొద్దున్నే గోనెపట్టా పరుచుకుని, ఎండుమిరపకాయల రాశి ముందేసుకుని, ముచ్చికలు తీస్తూ కూర్చునేది. చూపు తగ్గినా వేళ్ళకి ఆ సంగతి తెలియదు. కాయ ఒకవైపు, ముచ్చిక ఒకవైపు పడుతూనే ఉండేవి.

జోహరాబీ దేన్నయినా "ఉండు" అంటే అది ఉండేది. పొంగబోయే పాలు గిన్నె అంచుదాకా వచ్చి అక్కడే నిలబడేవి. ఆవిడ చుట్టాలు సంచులు సర్దుకుంటూ ఆలస్యం చేస్తే నరసరావుపేట బస్సు కదిలేది కాదు. డ్రైవరు కిందికి దిగి బీడీ ముట్టించుకుని, "పెద్దమ్మ ముందు రాశి ఎంత మిగిలిందో చూసి రా" అని కండక్టర్ని పంపేవాడు. ఎందుకంటే ఆవిడ మాటకీ ఒక కట్టుబాటు ఉంది. ముందున్న రాశి అయ్యేదాకే అది చెల్లుతుంది. మధ్యలో చెయ్యి ఆగినా, నెమ్మదించినా చెల్లదు. ఇదంతా ఆ వీధిలో ఎవరికీ వింత కాదు. పక్కింటి పుల్లమ్మ మజ్జిగ పులవకుండా కుండ తెచ్చి ఆవిడ పక్కన పెట్టి తన పనికి పోయేది, అంతే.

లాల్ అహ్మద్ కూతురు షిరీన్ గుంటూరులో వేసవంతా ఉండి పెళ్ళి వీడియోల మిక్సింగ్ నేర్చుకొచ్చింది. అప్పటిదాకా సత్తెనపల్లి పెళ్ళిళ్ళ టేపులన్నీ గుంటూరు బస్సెక్కేవి. తిరిగొచ్చేసరికి ప్రతి పెళ్ళికూతురూ గులాబీపువ్వులో తిరుగుతూ ఉండేది, ప్రతి పెళ్ళికొడుకూ చందమామలోంచి తొంగిచూసేవాడు. ఎవరి పెళ్ళి ఎవరిదో తల్లులే పోల్చుకోలేకపోయేవారు. అవి మన ఇంట్లోనే, మన మనుషులు మనకి కనిపించేలా చెయ్యాలని షిరీన్ కోరిక. తండ్రిని బతిమాలి కంప్యూటరు కొనిపించింది. మిక్సింగ్ ప్రోగ్రాం మాత్రం కొనే తాహతు లేదు. ఓ కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోది వేసుకుంది. అది నెల రోజులు వాడి చూడమని ఇచ్చింది. గడువు దాటాక ఏ వీడియో చేసినా ప్రతి బొమ్మ మీదా అడ్డంగా పెద్ద తెల్లటి ముద్ర పడుతుంది.

నేర్చుకోవడంలోనే ఆ నెల కరిగిపోతూ వచ్చింది. ఆ మధ్యలోనే మిరప రైతు యలమందయ్య కూతురు బిందుమాధవి పెళ్ళి వచ్చింది. పదహార్రోజుల పండక్కి మగపెళ్ళివారంతా వస్తారు, వాళ్ళ ముందు సీడీ వేయాలి.

పండగ రేపనగా పొద్దున, గడువు ఆ ఒక్కరోజే మిగిలి ఉండగా, కంప్యూటరు అమ్మిన సుభానీ వచ్చి, "దీనికంత బెంగెందుకమ్మా, తారీకు వెనక్కి తిప్పేస్తే సరి" అంటూ తిప్పేశాడు. ప్రోగ్రాం అంత అమాయకురాలు కాదు. మోసం కనిపెట్టి, మిగిలిన గడువు కూడా రద్దు చేసి, ఇంకో గంటలో ముద్ర వేయడం మొదలుపెడతానని తెర మీద రాసింది. సుభానీ చెప్పులేసుకుని జారుకున్నాడు.

లాల్ అహ్మద్ చెడ్డవాడు కాదు. భయస్తుడు. "రేపు పెళ్ళికూతురి మొహం మీద ముద్ర పడిందంటే నేను ఊళ్ళో తలెత్తుకోలేను. సీడీ కుదరకపోతే కంప్యూటరు అమ్మేస్తానమ్మా. టేపులు మళ్ళీ గుంటూరే పంపుతా. నువ్వు మీ అత్త దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకో" అన్నాడు.

షిరీన్‌కి ఏడుపొచ్చింది. కుట్టుపని తక్కువని కాదు, చేతికందిన పని పోతోందని. పెరటి గుమ్మంలోకి వెళ్ళి, "నానమ్మా, ఒక్కసారి దీన్ని ఆగమని చెప్పవూ?" అంది.

"దానికి తెలుగొచ్చటే?"

"నరసరావుపేట బస్సుకి వచ్చా?"

జోహరాబీ నవ్వి, గోనెపట్టాని గుమ్మం దగ్గరికి జరుపుకుంది. రాశి కూడా జరిపించుకుంది. లోపలి కంప్యూటరు వైపు మొహం తిప్పి, పొయ్యి మీద పాలకి చెప్పినట్టే, "ఉండు" అంది.

తెర మూల గడియారంలో అంకె ఆగిపోయింది.

షిరీన్ పని మొదలెట్టింది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, విందు ఒక్కొక్కటే వరసలో పడుతున్నాయి. మధ్యాహ్నం లాల్ అహ్మద్ తల్లి పక్కన గొంతుక్కూర్చుని, ఆవిడ చెయ్యి ఆగకుండా ముద్దలు కలిపి నోట్లో పెట్టాడు.

చిక్కంతా ఆ తర్వాత వచ్చింది. బిందుమాధవి పెళ్ళి కంప్యూటర్లో ఆడుతోందని వీధంతా పాకింది. పుల్లమ్మా, జాన్‌బీ, ఇంకో పదిమంది ఆడవాళ్ళు వచ్చి రాశి చుట్టూ చేరారు. మిరపకాయల దగ్గర ఖాళీ చేతులతో కూర్చోవడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. కళ్ళు తెర మీద, నోళ్ళు పెళ్ళికూతురి నగల మీద, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. షిరీన్ తల తిప్పి చూసేసరికి రాశి చాటెడు మిగిలింది.

"అయ్యో! ఆపండి పిన్నీ! మీరు సాయం చేస్తే నా పని అయిపోద్ది!"

పుల్లమ్మ నాలిక్కరుచుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రెండు నిమిషాల్లో అవి మళ్ళీ రాశిలో ఉన్నాయి. "నేనేం చేసేదే, ఉత్తినే కూర్చుంటే చేతులు లాగేస్తన్నాయి!" అని లబలబలాడింది. జోహరాబీ నెమ్మదించలేదు, ఆగలేదు. కాయలు తరిగిపోతున్నాయి. అప్పగింతల ఘట్టం ఇంకా ముట్టుకోనేలేదు.

అంతలో వీధిలో ట్రాక్టరు ఆగింది. గుంటూరు మార్కెట్ యార్డుకి మిరపకాయలు కుక్కిన బస్తాల టిక్కీలు తీసుకెళ్తూ యలమందయ్య సీడీ సంగతి అడిగిపోదామని దిగాడు. విషయం విన్నాడు. మిగిలిన కాసిని కాయల వంక చూశాడు.

"ఏం పిన్నమ్మా, నాకు కబురు చెయ్యొద్దా? ఊళ్ళో ఇన్ని కాయలుండగా కాయలకి కరువా?"

"బేరం పోద్దేమోరా యలమందా, యార్డుకి పో."

"యార్డు రేపూ ఉంటది. నా కూతురి పెళ్ళి మళ్ళీ వస్తదా?"

పెరటి గోడ మీంచి టిక్కీలు విప్పి కుమ్మరించాడు. ఎర్రగా, కొండలా, జోహరాబీ తల కనిపించనంతగా. వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా అందరూ తుమ్మారు. ఆడవాళ్ళు కొంగులు బిగించి, ఇక దర్జాగా రాశి మీద పడ్డారు.

అప్పుడు షిరీన్ తొందర మానేసింది. అప్పగింతల టేపు మొదట్నుంచీ చూసింది. కెమెరా పెళ్ళికూతురి మీంచి పక్కకి జరిగినప్పుడు, పందిరి వెనక ఎవరికీ కనపడకుండా తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్న యలమందయ్య ఒక్క క్షణం కనిపించాడు. గుంటూరులో అయితే దాన్ని కోసేసి గులాబీపువ్వు పెట్టేవారు. షిరీన్ ఆ క్షణాన్ని సాగదీసింది. పాట తీసేసింది. బ్యాండు ఆగాక పందిట్లో వినపడిన మామూలు సవ్వడే ఉంచింది.

పొద్దు వాలేసరికి సీడీ చేతికొచ్చింది. ముద్ర లేదు. "చాలు నానమ్మా" అంది షిరీన్. జోహరాబీ చేతులు దులుపుకుంది. మరుక్షణం ప్రోగ్రాం గడువు ముగిసిందని చెప్పి మూసుకుంది. అప్పటికి అది చేయగలిగిన కీడంటూ ఏమీ మిగల్లేదు.

మర్నాడు యలమందయ్య వాకిట్లో టీవీ ముందు రెండు వైపులవాళ్ళూ కిక్కిరిసి కూర్చున్నారు. నవ్వారు, ఎవరి మొహం వాళ్ళు వెతుక్కున్నారు. అప్పగింతలు వచ్చాయి. పాట లేకపోవడంతో అందరూ ఒక్కసారి సర్దుకున్నారు. తువ్వాలు నోట్లో కుక్కుకున్న మనిషి తెర మీదకి వచ్చాడు.

"నాన్నా, నువ్వసలు ఏడవలేదన్నావుగా!" అంటూ బిందుమాధవి లేచి వెళ్ళి తండ్రిని కరుచుకుంది. యలమందయ్య ఈసారి ఏ పందిరి వెనక్కీ పోలేదు. మగపెళ్ళివారి వైపు పెద్దావిడ ఒకామె కళ్ళు తుడుచుకుంటూ, "ఇది ఎవరు చేశారండీ? వచ్చే నెల మా మనవరాలి పెళ్ళి. వాళ్ళే చెయ్యాలి" అని గట్టిగా అడిగింది. వాకిలంతా వెనక్కి తిరిగి షిరీన్ వైపు చూసింది.

ఆ ఎండాకాలం సత్తెనపల్లి టేపులు గుంటూరు బస్సెక్కలేదు. ఆషాఢం రాకముందే షిరీన్ అసలు ప్రోగ్రాం తన సంపాదనతో కొనుక్కుంది, గడువు లేనిది.

ఆ పెద్దావిడ మనవరాలి పెళ్ళినాడు పందిట్లో లాల్ అహ్మద్ కెమెరా భుజానికెత్తుకున్నాడు. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్న మనిషి, ముహూర్తం దగ్గర పడుతుంటే కదలకుండా నిలబడ్డాడు. పురోహితుడు తొందరపెడుతున్నా వినిపించుకోలేదు. జనంలో కూతుర్ని వెతికి పట్టుకుని, అందరూ వింటుండగానే అడిగాడు.

"ఎక్కడ నిలబడి తియ్యమంటావమ్మా?"