కూనిరాగం తీసే టైర్లు

పొద్దున్నే లేచి కారు తుడవడం జయరావుకు అలవాటు. పాత పంచె ముక్క బక్కెట్లో ముంచి, ముందు అద్దం, తర్వాత తలుపులు, ఆఖరికి చక్రాలు. చక్రాల దగ్గర మాత్రం గొంతుక్కూర్చుని, పసిబిడ్డ కాళ్లు కడిగినంత నిదానంగా తుడిచేవాడు. ఈలోగా వంటింట్లో వరదమ్మ కోడలికి క్యారియరు సర్దేది. ప్రశాంతి తడి జుట్టు ముడేసుకుంటూ వచ్చి, క్యారియరు అందుకుని, ఆ కారులో వడమాలపేట నుంచి తిరుపతికి బయల్దేరేది. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే పని ఆమెది.

కారు వీధి దాటి, పెద్ద రోడ్డెక్కి కాస్త వేగం అందుకోగానే, టైర్లలోంచి రూపేష్ కూనిరాగం మొదలయ్యేది.

రూపేష్ జయరావుకు ఒక్కగానొక్క కొడుకు, ప్రశాంతికి మొగుడు. మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. కారంటే పిచ్చి. ఎవరో వాడి వదిలేసిన తెల్లకారు కొని, ఇంజను బాగు చేయించి, మద్రాసు పోయి వెడల్పాటి టైర్లు తెచ్చుకున్నాడు. ఎంత వేగంగా మలుపు తిప్పినా రోడ్డును వదలని రకం అవి. స్టీరింగు పట్టుకుంటే చాలు, నోరు మూసుకుని ముక్కుతో ఏదో మాటల్లేని రాగం తీసేవాడు. శ్రుతి ఎక్కడా కుదిరేది కాదు. ప్రశాంతి నవ్వితే ఇంకా గట్టిగా తీసేవాడు.

ఒక వానాకాలం జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. తిరుపతి ఆసుపత్రికి ఆ కారు తనే తోలుకుంటూ పోయినవాడు తిరిగి రాలేదు. పెద్దకర్మ అయ్యాక, ఆసుపత్రి చెట్టు కింద నిలిచిపోయిన కారును ప్రశాంతి ఇంటికి తీసుకొచ్చింది. వీధి మొదట్లో ఆ రాగం వినగానే వరదమ్మ చేతిలో చేట కింద పెట్టి వాకిట్లోకి పరిగెత్తింది. టీ అంగడి సుబ్బులమ్మ కూడా లేచి నిలబడింది. కారు వచ్చి ఆగింది. రాగం కూడా ఆగింది. వరదమ్మ కాసేపు టైరు మీద చెయ్యి పెట్టి ఉండి, ఆ తర్వాత కోడలికి నీళ్లు తెచ్చిచ్చింది.

అప్పటి నుంచి అది ఆ వీధికి మామూలైపోయింది. సాయంత్రం రోడ్డు మలుపులో రాగం వినబడితే, రూపేష్ వస్తా ఉండాడు, ఎసరు పెట్టుకో అని సుబ్బులమ్మ వరదమ్మకు కేకేసి చెప్పేది. శుక్రవారాలు ముగ్గురూ తిరుచానూరు పోయేవాళ్లు. కారెక్కితే ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. మాట్లాడితే రాగం సరిగ్గా వినబడదు. ఇంట్లో కూడా ఎవరూ రూపేష్ పేరెత్తేవాళ్లు కాదు. రోజూ వినబడుతున్నవాడి గురించి ఏం చెప్పుకుంటారు?

రెండో ఏడు ఎండాకాలం చివర్లో ప్రశాంతికి రాగం కింద ఇంకో సద్దు వినబడింది. బొంయ్ బొంయ్ మని, గాలికి రేకు కొట్టుకున్నట్టు. మొదట్లో పట్టించుకోలేదు. అది ముదిరి స్టీరింగులో కూడా వణుకు తెలుస్తుంటే, ఒక ఆదివారం మామను వెంటబెట్టుకుని తిరుపతిలో రేణిగుంట రోడ్డున ఉన్న మునికృష్ణ టైర్ల అంగడికి తీసుకుపోయింది. మునికృష్ణ రూపేష్‌తో చదువుకున్నవాడు. ఆ టైర్లు బిగించింది కూడా అతనే. జయరావును స్నేహితుడి లాగే నాయనా అని పిలిచేవాడు.

అతను కారు తోలి చూసి వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. స్నేహితుడి గొంతు విని చాలా రోజులైంది మరి. కళ్లు తుడుచుకుని పనిలో పడ్డాడు. బేరింగు పోయుంటే కారును ఎడమకూ కుడికీ వంచి తోలినప్పుడు మోత మారాలి, ఇది మారడం లేదన్నాడు. ముందు చక్రాలు వెనక్కీ, వెనకవి ముందుకీ మార్చి మళ్లీ తోలాడు. మోత కూడా చక్రాలతో పాటే వెనక్కి పోయింది. తప్పు టైర్లదేనని తేలిపోయింది. కారును పైకెత్తి, జయరావు చెయ్యి పట్టుకుని టైరు మీద ఒక వైపుకు నిమిరించాడు, నున్నగా ఉంది. రెండో వైపుకు నిమిరించాడు, రంపం పళ్లలా అరచేతికి తగిలింది. కుదుపులు ఆపే షాకబ్జార్బరు చచ్చిపోయి టైరు ఎగిరెగిరి పడుతూ అరిగిందన్నాడు. లోపలి అంచున అయితే గాడి అన్నదే లేదు.

"ఇంత దినమూ వాని పాట వింటా ఉండిపోయినాం నాయనా. కింద సద్దు మనకు తెలీలా. ఇవి మార్చేయాల."

జయరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షాకబ్జార్బర్లు మార్చమన్నాడు. టైర్ల సంగతి తోటలో మామిడికాయ దిగి డబ్బులొచ్చినాక చూద్దామన్నాడు. మునికృష్ణ ప్రశాంతి వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కారు తాళాలు తిప్పుతూ ఉండిపోయింది. మార్చాలని ఆమె గట్టిగా అడిగి ఉంటే జయరావు కాదనేవాడు కాదేమో. కానీ ఆమె అడగలేకపోయింది.

మామిడికాయ దిగింది. వానలు పట్టుకున్నాయి. జయరావు టైర్ల మాటెత్తలేదు. రోజూ పొద్దున తుడిచేటప్పుడు మాత్రం వేలితో ఆ నున్నటి అంచు తడిమి, చెయ్యి పంచెకు తుడుచుకుని లేచేవాడు.

ఆ సాయంత్రం తిరుపతిలోనే వాన మొదలైంది. ప్రశాంతికి తొందరగా ఇల్లు చేరాలని ఉంది. వడమాలపేట ఇంకా కాస్త దూరం ఉందనగా, టైర్లలో రాగం టక్కున ఆగిపోయింది. కారు ఆగలేదు, రాగమే ఆగింది. ఈ రెండేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. ఆమె భయపడి, వినడానికి యాక్సిలరేటరు మీద కాలు తీసేసింది. కారు నెమ్మదించింది. ముందు మలుపులో రోడ్డుకు అడ్డంగా నీళ్లు పారుతున్నాయి, ఆ నీళ్లకవతల బ్రేకు పడి ఒక లారీ అడ్డం తిరిగి ఉంది. ఆమె స్టీరింగు తిప్పింది. టైర్లకు రోడ్డు దొరకలేదు. కారు నీళ్ల మీద జారుకుంటూ, చుట్టూ తిరిగి, లారీకి కాస్త ఇవతల రోడ్డు పక్క బురదలో దిగబడింది. మణికట్టు విరిగింది తప్ప ఆమెకు ఇంకేం కాలేదు. రోజూ వచ్చే వేగంతోనే వచ్చి ఉంటే లారీ కిందకే పోయేదని అక్కడ చేరిన జనం అనుకున్నారు.

జయరావు ఆటోలో పరిగెత్తుకొచ్చి కోడలిని పుత్తూరు కట్టుకు తీసుకుపోయాడు. ఎముక సర్ది, మందు పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. ఆమె పళ్లు బిగబట్టింది గానీ అరవలేదు. దారిలో టైర్లు పాట ఆపేసిన సంగతి మామకు చెప్పింది.

"వాడే నోరు మూసుకున్నాడు," అన్నాడాయన. "నేను మార్చనని వానికి తెలుసు."

కట్టు విప్పేదాకా కారు వాకిట్లోనే ఉంది. పొద్దున్నే లేచి జయరావు దాని పక్కన కూర్చునేవాడు, తుడిచేవాడు కాదు. ప్రశాంతి చెయ్యి బాగయ్యాక మునికృష్ణకు కబురు పెట్టాడు. అతను వచ్చి, ముగ్గురినీ ఎక్కించుకుని, తిరుపతి దాకా నిదానంగా తోలాడు. వానలో ఆగిన రాగం మళ్లీ పలికింది. పొడి రోడ్డు, మధ్యాహ్నపు ఎండ. వరదమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని దారంతా వింది.

అంగడిలో మునికృష్ణ మూడు రకాల టైర్లు తెచ్చి దించాడు. ఒకటి గట్టి రబ్బరు, ఏళ్ల తరబడి వస్తుంది. రెండోది రూపేష్ వాడిన రకమే. మూడోది కూడా వేగానికి తట్టుకునేదే, మెత్తటి రబ్బరు, నడుమ నుంచి రెండు పక్కలకూ ఈనెల్లా లోతైన గాళ్లు. జయరావు ఒక్కోదాని మీదా బొటనవేలి గోరు గుచ్చి చూశాడు. రూపేష్ రకం మీద చెయ్యి కాసేపు నిలిచింది.

"వానలో ఏది నిలబడతాది?" అని అడిగాడు.

మునికృష్ణ మూడోది చూపించాడు. ఆ గాళ్లలో పడి నీళ్లు పక్కలకు పోతాయి, రబ్బరు రోడ్డును పట్టుకుంటుంది, మోత కూడా పెద్దగా ఉండదని చెప్పాడు. కాకపోతే మెత్తటి రబ్బరు కదా, తొందరగా అరుగుతుంది.

"అరిగితే మళ్లా మార్చుకుందాం. అదే ఎయ్యి."

పాత చక్రాలు విప్పి వరసగా పడుకోబెట్టాడు మునికృష్ణ. గాలి తియ్యబోతుంటే వరదమ్మ వచ్చి పక్కన కూర్చుంది. అతను పిన్ను వదులు చేశాడు. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టింది. గాలి వెచ్చగా, సన్నగా, కాస్త శ్రుతి తప్పుతూ ఆమె చేతిలోకి వచ్చింది. ఒక టైరు తర్వాత ఇంకో టైరు. మునికృష్ణ తొందరపెట్టలేదు. ఆఖరిది కూడా అయిపోయాక ఆమె ఆ చేతిని చెంపకు ఆనించుకుంది. ఇంకెవరికీ బిగించొద్దని మాత్రం చెప్పింది. కోసి పాతిపెడతానన్నాడతను.

తిరుగు దారిలో ప్రశాంతి తోలింది. జయరావు ముందు సీట్లో, వరదమ్మ వెనక. కారులో ఏ సద్దూ లేదు. ఇంజను గొణుగుడు, అంతే. ముగ్గురూ అలవాటుగా చెవులు రిక్కించి కూర్చున్నారు. వినడానికేమీ లేదు. ఎవరో ఒకరు మాట్లాడక తప్పని పరిస్థితి.

"మామా," అంది ప్రశాంతి. "ఒక మాట చెప్పాల. ఏడాది నుంచి నా నోట్లోనే ఉండాది."

కారు పక్కకు తీసి ఆపింది. దయానంద్ అని ఒకతను ఉన్నాడు. వాళ్ల ఆసుపత్రిలో మందుల విభాగంలో చేసి, ఇప్పుడు చిత్తూరులో సొంతంగా మందులంగడి పెట్టుకున్నాడు. పెళ్లి చేసుకుంటానని అడిగాడు. ఆమె అవునూ అనలేదు, కాదూ అనలేదు.

"ఇంట్లో చెప్పలేకపోతిని. కార్లో చెప్పుదామంటే, ఆయన వింటా ఉండాడని..."

జయరావు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెప్పుకోడానికి ఒక కొడుకు గొంతు ఉండేది, ఇవ్వాళ అదీ పోయింది. ఇప్పుడీ పిల్ల కూడా పోతుంది. వెనక నుంచి వరదమ్మ చెయ్యి వచ్చి ఆయన భుజం మీద పడింది.

"ఆ పిల్లోడు సాయంత్రం అంగట్లో ఉంటాడా?" అని అడిగిందామె.

ఉంటాడంది ప్రశాంతి.

"బండి తిప్పమ్మా," అన్నాడు జయరావు. "పూతలపట్టు మింద పోతే పొద్దుండంగానే చిత్తూరు చేరతాం."

ఆమె కారు తిప్పింది. తిరుపతి దాటేసరికి సన్నగా జల్లు పట్టుకుంది. టైర్లు తడి రోడ్డును విడవకుండా పట్టుకుని పోతున్నాయి. కొంతదూరం పోయాక వరదమ్మ, రూపేష్ చిన్నప్పుడు ఎద్దులబండి నొగల మీద కూర్చుని నోటితో హారను కొట్టేవాడని చెప్పింది. కాదు, అది మన బండి కాదు, పక్కింటోళ్ల బండి అన్నాడు జయరావు. పెళ్లయిన కొత్తలో తనను ఎక్కించుకుని దారి తప్పి, తప్పలేదని పుత్తూరు దాకా వాదించాడని ప్రశాంతి చెప్పింది. వరదమ్మ ఏడుస్తూనే నవ్వింది. వాన పెద్దదైంది. ఆ దారి పొడుగునా ముగ్గురూ రూపేష్ గురించే మాట్లాడుకున్నారు.